వెట్టిచాకిరియు, ప్రపంచ న్యాయమును



మానవ హక్కులను మాట చెవిని బడగానే మన గ్రామములందలి పెద్దలు, అది పట్టణములలోని న్యాయవాదులకును, పత్రికలవారికిని సంబంధించిన విషయమని తలంచి మరియొక ప్రసంగములోనికి దిగుదురు. జెనీవా యెక్కడ, పారిసు నగర మెక్కడ, మన చిల్లకల్లు ఎక్కడ యని వారి భావము. నేనును చాలకాల మట్లే తలంచితిని. ఆ దూరనగరములందు వ్రాయబడిన యొడంబడికలలో నొకటి మన పొలముగట్లమీద నడచిన దుఃఖమును గూర్చినదనియు, దానిని నిలుపుటయు చెరుపుటయు గ్రామములందలి చదువరుల చేతిలోనున్న దనియు నాకు ఆలస్యముగా దెలిసినది. దానినే నేడు మీకు విన్నవించుకొనెదను.

మా చిల్లకల్లు విజయవాడనుండి హైదరాబాదునకు బోవు పెద్దబాటమీద నున్నది. పడమరగా సాగి గరికపాడు దాటినచో పాలేరు అను నేరు వచ్చును. దాని కావల కోదాడ. పూర్వమా యేటి కావలిది నిజాము రాజ్యము. ఈవలిది ఇంగ్లీషువారి రాజ్యము. పాలేరు అను మాటకు మన వాడుకలో మరియొక యర్థమును గలదని మీరెరుగుదురు. సంవత్సరపు జీతమునకు రైతు నింట గుదిరి, పశువులను మేపి, అరక దున్ని, కావలి పండుకొను మనుష్యుడును పాలేరే. ఏటికి పాలేరు, మనిషికి పాలేరు. ఈ రెండవ యర్థమును జ్ఞాపకముంచుకొనుడు. ముందు దానితో బని గలదు.

ఏటి కావల నిజాము రాజ్యమున వెట్టి యనునది యూరూర నుండెను. మాలమాదిగల యిండ్లనుండి ఇంటికొక్కరు వంతున దొరల గడీలకును, సర్కారు ఉద్యోగుల మకాములకును కూలి లేకుండ బోయి పని చేయవలెను. చాకలి బట్టలుదికి మంచినీళ్లు మోయవలెను. కుమ్మరి కుండలియ్యవలెను. మాదిగ చెప్పులు కుట్టి యియ్యవలెను; గొల్ల జీవాలను దోలియియ్యవలెను. రైతు తన పొల మెండుచున్నను మొదట దొర పొలము దున్నవలెను. దొరల యాడపడుచు అత్తవారింటికి బోవునపుడు ఆమెతోకూడ పేదవారి యాడపిల్లలను దాసీలనుగా బంపుటయు గలదు, వారిని ఆడబాపలనిరి. దీనిని మాన్పుటకై మాడపాటి హనుమంతరావుగారు మొదలగు పెద్దలు 1920 తరువాత నాంధ్రజనసంఘము ద్వారా పాటుపడిరి. 1930లో సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను జోగిపేటలో మొదటి నిజామాంధ్ర మహాసభ జరిగెను.

అది నిజాము రాజ్యపు మాట గదా, మన ప్రక్క నట్టి దుర్నయము లేదని యనుకొనుట మనకు సుఖముగా నుండును. కాని మునగాల సంగతి విచారింపుడు. మునగాల పరగణా చుట్టును నిజాము రాజ్యమే. అయినను అది మన కృష్ణా జిల్లా నందిగామ తాలూకాలో జేరి, ఇంగ్లీషు చట్టము క్రింద నుండెను. తరువాత నల్లగొండ జిల్లాలో గలిసెను. నేడు సూర్యాపేట జిల్లాలోనిది. ఆ పరగణా జమీందారులగు నాయని వెంకట రంగారావుగారు భాషాసేవకు బ్రసిద్ధులు. వారి దివానుగా బనిచేసిన కొమర్రాజు లక్ష్మణరావుగారు మన పెనుగంచిప్రోలునందు బుట్టినవారు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1906లో విజ్ఞానచంద్రికా మండలియు వెలసినవనిన నిట్టివారి పూనిక వలననే. తెలుగు చదువుకొనిన మనమందరమును వారికి ఋణపడియున్నాము. అయినను ఆ పరగణా గ్రామములందే వెట్టియు, అక్రమపు వసూళ్లును సాగెను. 1930 తరువాతి సంవత్సరములలో రైతులు వాని నెదిరించి పోరాడిరి. గ్రంథాలయమును వెట్టియు నొక్క చెట్టునీడనే యుండగలవని దీని తాత్పర్యము. విద్య యొక్కటియే మనుష్యుని దాస్యము విడిపింపజాలదు. విద్య గలవాడు తలంపవలెను.

ఈ సందర్భమున గొందరు పెద్దలు నన్నడుగుచుందురు: "మానవ హక్కులు సీమవారు తెచ్చిపెట్టినవి. మన ధర్మశాస్త్రములు చాలవా?" నేను చిన్ననాట పాఠశాలలో ఆ శాస్త్రములనే చదువుకొంటిని గనుక, దాచకుండ జెప్పవలసియున్నది. మనుస్మృతి యేడు విధముల దాసులను జెప్పెను. నారదస్మృతి పదునైదు విధములను లెక్కించెను. అందు అప్పు వలన దాసుడైనవా డొకడు. కావున అప్పుకు మనిషిని కట్టివేయుట మన దేశమునకు క్రొత్త కాదు, దానిని సీమవారు నేర్పలేదు. అయితే ఆ నారదుడే దాసుని విడుచు విధియు జెప్పెను. యజమానుడు దాసుని భుజముమీది నీళ్లకుండను దీసికొని పగులగొట్టి, అక్షతలు పూలు గలిపిన నీటిని వాని తలపై జల్లి, ఇతడు దాసుడు కాడని ముమ్మారు పలుకవలెను. నాటినుండి వాడు స్వతంత్రుడు. ఈ విధిలో నొక లోపము గలదు. కుండ పగులగొట్టుట యజమానుని యిష్టము. అతడు పగులగొట్టకున్న నడుగువారు లేరు. ఆ యిష్టమును దీసివైచి, కుండ పగులుట ప్రతి మనుష్యునకును హక్కు అని చెప్పుటకే ప్రపంచ రాజ్యములు కూడి యొడంబడికలు చేసికొనెను.

అది యెట్లు జరిగెనో క్రమముగా జెప్పెదను. మొదటి మహాయుద్ధానంతరము నానాజాతి సమితి యేర్పడెను. దాని యాధ్వర్యమున 1926 సెప్టెంబరు 25వ తేదీని జెనీవా నగరమున దాస్యనిర్మూలనపు టొడంబడిక వ్రాయబడెను. ఇండియా పక్షమునను సంతకము పడెను. కాని ఆ సంతకము ప్రక్కనే యొక మినహాయింపు వ్రాసికొనిరి. దాస్యమును క్రమముగా బూర్తిగా దొలగించుట, వెట్టి నరికట్టుట, తప్పుచేసినవారిని శిక్షించుట, ఈ భాగములను స్వదేశ సంస్థానాధీశుల రాజ్యములందు నడిపింప దాము బద్ధులము కామని దాని యర్థము. అనగా జెనీవాలో వ్రాసిన యక్షరము పాలేటి యీవలి గట్టున నాగిపోయెను. కోదాడలోని వెట్టివాని కా కాగితము వర్తింపలేదు.

తరువాత 1930 జూను 28వ తేదీని అంతర్జాతీయ కార్మిక సంస్థ నిర్బంధ శ్రమను గూర్చి ప్రత్యేకముగా మరియొక యొడంబడికను చేసెను. దీనికి ఇరువదితొమ్మిదవ సంఖ్య గలదు. వెట్టి యననేమో యిందు దేటపరచిరి. దండన కలుగునను భయము చూపి, మనుష్యుడు తనంత దాను ఒప్పుకొనని పనిని వానిచేత జేయించినచో నది నిర్బంధ శ్రమ. ఇక్కడ మన పెద్దలకు గలుగు సందేహ మొకటి యున్నది. ఊరి చెరువుకట్ట తెగినపుడు ఇంటి కొక మనిషిని బిలుచుట వెట్టి యగునా? కాదు. వరద, అగ్ని, కరవు మొదలగు నాపదలయందు జేయించు పనిని ఆ యొడంబడికయే మినహాయించినది. ఊరి మేలు కొరకు ఊరివారే చేసికొను చిన్నపనులను గూడ మినహాయించినది. కాని ఆ పని యవసరమో కాదో చెప్పుటకు ఊరివారికిగాని, వారి ప్రతినిధులకుగాని యవకాశ ముండవలెనని నియమించినది. చెరువు పూడిక తీయుటకు అందరు పోయిన శ్రమదానము. మాలపల్లెవారు మాత్రమే పోయిన వెట్టి. ఈ తారతమ్యము మన కెవరును జెప్పనక్కరలేదు, మనస్సునకే తెలియును.

మన విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీని ప్రారంభమయ్యెను. సరిగా తొమ్మిది దినములకు, డిసెంబరు 10వ తేదీని, పారిసు నగరమున ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల విశ్వప్రకటనను ఆమోదించెను. నలువదియెనిమిది రాజ్యములు అనుకూలముగా ఓటిచ్చెను. ఎనిమిది తటస్థముగా నుండెను. వ్యతిరేకించినది యొక్కటియు లేదు. అందు ముప్పది యధికరణములు గలవు. నాలుగవదానిలో ఎవరినిగాని దాస్యమునందుంచరాదని యున్నది. ఆ చిత్తు తయారుచేసిన సంఘమున మన దేశపు ప్రతినిధి హంసా మెహతా అను విదుషీమణి. మొదటి అధికరణమున మనుష్యులందరు అనుటకు వాడిన యాంగ్లపదము పురుషులందరు అను నర్థము నిచ్చుచున్నదని యామె యాక్షేపించి, స్త్రీపురుషు లిరువురును జేరు పదమును బెట్టించెను. ఒక్క పదమేగదా యని కొందరనవచ్చును. దొరసానితో అత్తవారింటికి పోయిన ఆడబాపను దలంచుకొనినచో ఆ యొక్క పదము విలువ తెలియగలదు.

ప్రకటన యనునది మాట మాత్రమే. దాని నతిక్రమించిన రాజ్యమును బట్టి నిలుపుట కష్టము. అందుచేత ఆ మాటనే కట్టుబాటుగా మార్చి 1966లో రెండు ఒడంబడికలు వ్రాసిరి. మన దేశము 1979 ఏప్రిలు 10న వానిలో జేరెను. కార్మిక సంస్థవారి ఇరువదితొమ్మిదవ యొడంబడికను మన దేశము 1954 నవంబరు 30న ధ్రువపరచెను. అయితే మన దేశమున నొడంబడికపై సంతకము పడినంతమాత్రమున నది న్యాయస్థానమున చట్టమై నిలువదు. పార్లమెంటు దానిని చట్టముగా జేయవలెను. ఊళ్ల పెద్దమనుష్యులు రావిచెట్టుక్రింద నేదో యొప్పుకొనిరనుకొనుడు. ఎవరి యింటికి వారు పోయి తమ కుటుంబమునకు జెప్పి నడిపించినగదా ఆ యొప్పుదల నిలుచుట! ఇదియు నట్లే.

మన రాజ్యాంగము 1950 జనవరి 26 నుండి యమలులోనికి వచ్చెను. దాని యిరువదిమూడవ యధికరణము మనుష్యులతో వర్తకమును, బేగారును, అట్టి నిర్బంధ శ్రమలను నిషేధించినది. బేగారనగా వెట్టియే. సంస్థానములు దేశమున గలిసిపోయినవి గనుక ఇప్పుడీ శాసనమునకు పాలేరు అడ్డము రాలేదు. తరువాత బంధిత శ్రామిక పద్ధతిని రద్దుచేయుచు 1976లో చట్టము చేసిరి. దాని యమలు 1975 అక్టోబరు 25 నుండియే లెక్క. ఆ చట్టమునందు దేశములోని నానాప్రాంతముల వెట్టిపద్ధతులను వాని వాని ప్రాంతపు పేర్లతోనే యొక పట్టికగా నిచ్చియున్నారు. అందు వెట్టి యను మాట యున్నది. జీతా యున్నది, భగేలా యున్నది. నేను మొదట వినుమని చెప్పిన పాలేరు అను మాటయు నున్నది.

ఇంతమాత్రమున పాలేరును బెట్టుకొన్న ప్రతి రైతును నేరస్థుడని తలంపరాదు. న్యాయమైన జీతమిచ్చి, మానుకొందునన్నపుడు మానుకొననిచ్చు రైతునకు ఈ చట్టముతో భయము లేదు. చట్టము చూచునవి నాలుగు గుర్తులు. అప్పు ఇచ్చి, లేదా కులాచారమును బట్టి, పనివానిచేత జీతము లేకుండగాని నామమాత్రపు జీతమునకుగాని పనిచేయించుట యొకటి. వేరొకచోట పని కుదురు స్వేచ్ఛ లేకుండజేయుట రెండు. ఊరు విడిచి తనయిచ్చవచ్చినట్లు తిరుగు స్వేచ్ఛ లేకుండజేయుట మూడు. తన కష్టముగాని, తన పంటగాని అంగడిధరకు అమ్ముకొననియ్యకుండుట నాలుగు. వీనిలో నేదేని యొక్కటి అప్పుతో ముడిపడియున్నచో నది బంధిత శ్రమ. 1982లో సుప్రీముకోర్టువారు మరియొక మెట్టెక్కి, కనీస వేతనముకంటె దక్కువ కూలికి పనిచేయువానిని ఆకలియే నిర్బంధించుచున్నదనియు, అదియు రాజ్యాంగము నిషేధించిన నిర్బంధ శ్రమయే యనియు దీర్పు చెప్పిరి.

ఇక నా సంగతి చెప్పవలసియున్నది. చెప్పుటకు మనస్సు రాదు. కాని చెప్పకున్న నీ యుపన్యాసము పెదవులపై మాట యగును.

1980 ప్రాంతమున నేను మెట్ట గ్రామమొకదానిలో క్రొత్తగా గుదిరిన యుపాధ్యాయుడను. అయిదవ తరగతిలో నొక పిల్లవాడు లెక్కలలో మిగుల చురుకైనవాడు. వాని తండ్రి పెద్దకూతురి పెండ్లికి ఒక రైతునొద్ద ఆరువందల రూపాయలు పుచ్చుకొనెను. అసలును వడ్డీయు దీరువరకు పిల్లవాడు ఆ యింట పాలేరుగా నుండునట్లును, తిండియు ఏటికి రెండు జతల బట్టలును వానికిచ్చునట్లును మాట్లాడుకొనిరి. కాగితము వ్రాయుటకు ఇరువురును నాయొద్దకే వచ్చిరి. నా యక్షరములు గుండ్రముగా నుండునని యూరిలో బేరు. నేను వ్రాసితిని. తప్పు లేకుండ, ఒక కొట్టివేత లేకుండ వ్రాసి, చదివి వినిపించితిని. తండ్రి వ్రేలిముద్ర వేసెను. క్రింద దస్తూరి యని నా సంతకము చేసితిని. మరునాటినుండి పిల్లవాడు బడికి రాలేదు. హాజరుపట్టీలో వాని పేరెదుట నెల్లాళ్లు సున్నలు చుట్టి, పిమ్మట నా పేరు కొట్టివేసితిని.

చట్టము వచ్చి యప్పటికి నాలుగేండ్లయ్యెను. నే నెరుగను. ఎరుగకపోవుట కారణమేగాని క్షమాపణము గాదు. మరినాలుగేండ్లకు ఎన్నికల పనిమీద తాలూకా కచేరికి బోయినపుడు, అచ్చట గోడకంటించిన తెలుగు ప్రకటనలో ఆ చట్టమును గూర్చి చదివితిని. అట్టి కాగితములు చెల్లవనియు, అట్టి యప్పు చట్టము వచ్చిననాడే తీరిపోయినట్లనియు, ఆ పిమ్మట వ్రాయించుకొనినవారికి మూడేండ్ల వరకు ఖైదును రెండువేల రూపాయల వరకు జుల్మానాయు గలవనియు నందున్నది. అట్టి నేరమునకు తోడ్పడినవానికిని అదే శిక్షయని చదివి, కాళ్లు చల్లబడి నిలిచిపోయితిని. తోడ్పడినవాడను నేను గదా!

ఆ సాయంకాలమే పోయి, చేలో పశువుల వెంట నున్న యా పిల్లవానితో, నీ యప్పు తీరిపోయినది, నీ విక ఇంటికి పోవచ్చునని చెప్పితిని. వాడు కొంచెము సేపు నావంక జూచి, "ఆ కాయితం తమరి దస్తూరీయే గదండీ పంతులుగారూ!" అనెను. దానికి నేనేమియు బలుకలేకపోతిని. ఆ రాత్రి రైతు నొద్దకు బోయి మూడుగంటలు మాట్లాడితిని. సబు కలెక్టరుగారికి వ్రాసిన యర్జీని ఆయన యెదుట బెట్టి, అందు దోషులుగా ఆయన పేరుతోబాటు నా పేరును వ్రాసితినని చూపితిని. ఆయన చదువుకొన్నవాడు, మంచివాడు కాడనియు జెప్పలేను. చివరకు పెట్టెలోనుండి కాగితము దెచ్చి నాచేతనే చింపించెను. పిల్లవాడు విడుదల పొందెను. కాని పదునైదేండ్ల వయస్సువాడు మరల అయిదవ తరగతిలో గూర్చుండలేడు గదా! వాడు కూలికి బోయి తన జీవనము తాను గడుపుకొనెను. ఆ నాలుగేండ్ల చదువును వాని కియ్యగల యర్జీ యే కచేరిలోను లేదు.

ఈ కథ చెప్పుటలో నా యుద్దేశము, పాప మొప్పుకొని తేలికపడుట గాదు. జెనీవాలోను, పారిసులోను, ఢిల్లీలోను వ్రాసినవారు తమ పని చేసిరి. చివరి కాగితము మాత్రము గ్రామములో వ్రాయబడును. అది వ్రాయువాడు నావంటి పంతులు. సాక్షి సంతకము చేయువారు మీవంటి పెద్దలు. వెట్టివానికి చదువు రాదు. వానిని కట్టిన త్రాడు మన యక్షరములతో పేనినదే.

కాలము మారినది, ఇప్పుడట్టివి లేవని యనవచ్చును. పాలేర్లు తగ్గిన మాట నిజమే. కాని అప్పు రూపము మార్చుకొన్నది. ఇటుకబట్టీలకు గుత్తేదార్లు ముందుగా బయానా లిచ్చి ఒడిశా పడమటి జిల్లాలనుండి కుటుంబములను మన తెలుగు దేశమునకు దీసికొనివచ్చుచున్నారు. పెద్దబాటమీద పిల్లలతో, మూటలతో లారీలలో బోవు వారిని మనము చూచుచునే యున్నాము. బయానా తీరువరకు బట్టీ విడిచి పోరాదన్నచో, దానికి పాలేరను పేరు లేకున్నను, నేను చెప్పిన నాలుగు గుర్తులలో మూడు దానియందున్నవి.

కావున పెద్దల కొక విన్నపము. మనిషి కష్టమును అప్పునకు కుదువబెట్టు కాగితము మీయొద్దకు వచ్చిన వ్రాయకుడు, సాక్షి వేయకుడు. అది చెల్లదని యిరుపక్షములకును జెప్పుడు. ఇదివరకే యట్టి కట్టులో నున్నవా డెవడైన మీ కంటబడినచో, కలెక్టరుగారికిగాని, డివిజను అధికారికిగాని తెలుగున నొక యర్జీ వ్రాసి పంపుడు. ఈ చట్టమును నడుపు బాధ్యత జిల్లా కలెక్టరుది. జిల్లాకును డివిజనుకును విజిలెన్సు సంఘము లుండవలెను. అప్పు బంధిత శ్రమకు సంబంధించినది కాదని ఋజువు చేయవలసిన భారము అప్పిచ్చినవానిదే, పనివానిది గాదు. 1993లో నేర్పడిన జాతీయ మానవ హక్కుల సంఘమునకును తెలుగుననే వ్రాయవచ్చును, రుసుము లేదు. విడుదలయైన వానికి ప్రభుత్వపు సహాయమును గలదు. 2016 నాటి పథకమున పురుషునకు లక్ష రూపాయలు, స్త్రీలకును పిల్లలకును రెండు లక్షలు నిర్ణయించిరి. ఆ సొమ్ము వానికి ముట్టువరకు వెంట దిరుగుట చదువు వచ్చినవాని పని.

నేడు నేను వేసవి సాయంకాలములలో గరికపాడు దాటి యేటి యొడ్డువరకు బోవుట గలదు. వంతెనమీద బండ్లు ఎడతెరపి లేక యిటునటు బోవుచుండును. ఏరు ఆ గట్టునకు ఈ గట్టునకు భేదము తెలియక పారుచుండును. దాని పేరు పిలిచినపుడెల్ల ఆ పిల్లవాని మాట నాకు జ్ఞాపకమునకు వచ్చును. నా దస్తూరితో నట్టి కాగితము మరియొకటి పుట్టలేదు. అర్జీలు మాత్రము పుట్టినవి. మీ దస్తూరియు నట్లే యుండునుగాక యని కోరుచు సెలవు దీసికొనుచున్నాను.